పాతకారు బానెట్టు రబ్బరు

పాతకారును ప్రేమతో కాపాడుకొనువారిని ఇంజను మాట అడిగినచో గంటసేపు చెప్పుదురు. రంగును గూర్చి చెప్పుదురు, ముందువైపున మెరయు గ్రిల్లును గూర్చి చెప్పుదురు. బానెట్టు అంచు క్రింద అంటియున్న వ్రేలిమందపు రబ్బరుపట్టీని గూర్చి అడిగినప్పుడు మాత్రము, "ఆ, ఏదో ఉన్నది లెండి" అని మాట దాటవేయుదురు. ఒకప్పుడు నేనును అట్లే దాటవేసినవాడను. ఈనాటి ప్రసంగమునకు ఆ పట్టీయే విషయము. ఇంత చిన్న వస్తువును గూర్చి ఇంత ప్రసంగమా యని శ్రోతలు నవ్వుకొనినను అభ్యంతరము లేదు. దానిని పట్టించుకొనక మా యింట పడిన తిప్పలు విన్నపిదప ఆ నవ్వు కొంత తగ్గునని తలచుచున్నాను.

మా తండ్రిగారి వద్ద 1964వ సంవత్సరపు అంబాసిడరు కారు ఉండెడిది. ఆంగ్లదేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును మూలముగా గైకొని, హిందుస్థాన్ మోటార్సు వారు కలకత్తా చెంతనున్న ఉత్తరపాడాలో 1950 దశాబ్దము చివర దీని తయారీని ఆరంభించిరి. 2014 మే నెలలో ఆపివేసిరి. ఇంచుమించుగ అరువది యేండ్లు ఆకారము పెద్దగా మారకుండ నడచిన బండి యది. పెండ్లికుమారుడు ఊరేగినది అందే, కలెక్టరుగారు పర్యటించినది అందే, అర్ధరాత్రివేళ నొప్పులు పడుచున్న ఇల్లాలిని ఆసుపత్రికి చేర్చినదియు అందే. ఇప్పటికిని దానిని విడువలేక షెడ్డులో దాచుకొన్నవారు మన యూళ్ళలో కొందరు కలరు. ఈ ప్రసంగము ముఖ్యముగా వారికొరకు.

1987వ సంవత్సరపు వేసవిలో మేము కుటుంబముతో కాకినాడ నుండి విశాఖపట్నము పోవుచుంటిమి. వడగాలికి జడిసి అద్దములన్నియు ఎత్తియుంచితిమి. దారిలో ఒక రైలుగేటు మూసియుండెను. వేడిమీద ఇంజను ఆపినచో మరల అందుకొనదేమో అను భయముచేత మా తండ్రిగారు దానిని ఆపలేదు. అట్లు ఇరువది నిమిషములు నిలిచియుంటిమి. ముందు సీటున కూర్చున్న మా తల్లిగారు, "తల పగిలిపోతున్నదిరా, కళ్ళు తిరుగుతున్నాయి, కాస్త కిందికి దింపు" అనిరి. దిగి చింతచెట్టు నీడన నిలిచిన కొంతసేపటికి తేరుకొనిరి. ఎండదెబ్బ యనుకొంటిమి. తిరుగు ప్రయాణము రాత్రివేళ సాగినది. గాలి చల్లగా ఉన్నది, దోమలకొరకు అద్దములు మాత్రము మూసియే యున్నవి. మరల అదే తలనొప్పి వచ్చినది. ఇక ఎండమీద నెపము వేయుటకు వీలు లేకపోయెను.

మరునాడు బానెట్టు ఎత్తి చూచితిమి. ముందు అద్దము వైపున, బానెట్టు వెనుక అంచు ఆనవలసిన చోట, రబ్బరుపట్టీ ఎండిన వడియమువలె ఉన్నది. గోరుతో తాకిన పొడి రాలెను. రెండు జానల మేర అసలు పట్టీయే లేదు. అది ఎప్పుడు ఊడిపోయినదో ఇంటిలో ఎవరును ఎరుగరు.

ఇప్పుడు ఆ పట్టీ చేయు పని యేమో చూతము. ఇంజను గదిలోని గాలి మంచి గాలి కాదు. పాత ఇంజనులలో పిస్టను రింగుల సందున జారి క్రిందికి దిగిన పొగ, వేడినూనె ఆవిరితో కలిసి, ఒక గొట్టము గుండ నేరుగా బయటికి పోవును. దానిని మరల ఇంజనులోనికే పీల్పించు ఏర్పాటు తరువాతి కాలమున వచ్చినది. కార్బొరేటరు చెంత పెట్రోలు ఆవిరి ఉండును. ఈ రెండును ముక్కునకు తెలియును గనుక మనిషి జాగ్రత్తపడును. భయమంతయు ముక్కునకు తెలియని దానితోనే. ఇంజను నుండి పొగగొట్టము బయలుదేరు చోటును మానిఫోల్డు అందురు. అచ్చటి గ్యాస్కెట్టు కాలిపోయినను, మానిఫోల్డు బీటవారినను, పొగ వెనుకదాక పోక ఇంజను గదిలోనే వెలువడును. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు, గొంతున మంట పుట్టించు గుణమును లేదు. రక్తములోని హిమోగ్లోబిను ప్రాణవాయువుతో కంటె దీనితో రెండువందల రెట్లకు మించిన పట్టుతో కూడుకొనును. అట్లు కూడుకొన్న మేర రక్తము ప్రాణవాయువును మోయలేదు. తలనొప్పి, వికారము, కనులు తిరుగుట, నిద్రమత్తు దాని లక్షణములు. ప్రక్కన కూర్చున్నవారికి అది తలనొప్పితో పోవచ్చును. బండి నడుపువానికి నిద్రమత్తు కలిగినచో ఆ కారులోని వారందరి ప్రాణములును అతని కనురెప్పలమీద ఆధారపడియుండును. నేటి కార్లలో పొగగొట్టమున ఈ విషమును విరుచు పరికరము ఉండును. 1964 నాటి బండికి అది లేదు.

ఈ గాలి లోపలికి వచ్చు దారి యేది? కారు పరుగెత్తునప్పుడు ఎదురుగాలి ముందు అద్దమునకు తాకి దాని పాదమున కూడుకొనును. అచ్చట గాలి ఒత్తిడి హెచ్చుగా ఉండును. అందువలననే లోపలికి గాలి తెచ్చు రంధ్రములను అనేక కార్లకు ఆ పాదముననే అమర్చిరి. బానెట్టు వెనుక అంచు ముగియునదియు అచ్చటనే. బండి నిలిచి ఇంజను తిరుగుచున్నప్పుడు వేడిగాలి పైకి లేచి, వెనుక అంచు సందున వెలువడి, ప్రక్కనే ఉన్న ఆ రంధ్రములలో దూరును. రైలుగేటు వద్ద మాకు జరిగినది ఇదియే. వెనుక అంచున ఉండు రబ్బరు ఆ రెంటికి నడుమ గోడవంటిది. స్టీరింగు కడ్డీ, పెడళ్ళు, విద్యుత్తు తీగలు పోవుటకు ఇంజను గదికిని మనుషులు కూర్చుండు గదికిని నడుమనున్న రేకున రంధ్రములు ఉండును. వానికి తొడిగిన రబ్బరు గుండ్లు పగిలినను విషము అదే విధముగ లోపలికి దూరును. బానెట్టు సంగతి చూచువారు వానిని కూడ ఒకసారి వ్రేలితో తడిమి చూచుట మంచిది.

ఆ పట్టీకి మరికొన్ని చిన్న పనులును కలవు. వానకాలమున నీరు డిస్ట్రిబ్యూటరు మీదను ప్లగ్గుల మీదను కారకుండ అడ్డుకొనును. గతుకుల బాటన రేకు రేకును కొట్టి గలగలలాడకుండ కాపాడును. అంచున రంగు లేచిపోయి తుప్పు పట్టకుండ చూచును. వెనుకటి కార్లలో ఈ గలగల నణచుటయే దాని మొదటి ప్రయోజనము. 1928 నుండి 1931 వరకు అమెరికాలో తయారైన ఫోర్డు ఏ-మాడలు కారున రేడియేటరు తొడుగు అంచునను, అద్దము ముందరి రేకు అంచునను రబ్బరు కాక నేసిన నూలుపట్టీ బిగించి దానిమీద బానెట్టును ఆనించిరి. మన యెడ్లబండి ఇరుసునకు గుడ్డపీలిక చుట్టు రైతు బుద్ధియు అట్టిదే.

సరే, మా కథకు వత్తము. ఒక షాపువారి వద్దకు కారు తీసికొనిపోయితిమి. వారు పని మంచిగనే చేయవలెనని తలచినట్లున్నది. ఎంత మందమైన రబ్బరు పెట్టిన అంత గట్టిగా మూసుకొనునని, తలుపులకు వేయు లావైన బీడింగును తెచ్చి బానెట్టు చుట్టు నాలుగు వైపులను అంటించిరి. మానిఫోల్డు వైపు చూడనేలేదు. బానెట్టు దిగుటకు ఇద్దరు మనుషులు పైనుండి అదుమవలసి వచ్చినది. "కొత్తరబ్బరు గదా, నాలుగురోజులలో సర్దుకొనును" అనిరి. మూడవనాడు తుని దాటినపిదప, ఎదురుగా వచ్చిన లారీ గాలి తగిలినంతనే, బానెట్టు టప్పున నాలుగు వ్రేళ్ళ ఎత్తు లేచెను. అసలు తాళము పూర్తిగా పడలేదు. దాని ప్రక్కనున్న రెండవ కొక్కెము పట్టుకొనుటచేత బ్రతికితిమి. అది కూడ ఊడియున్నచో బానెట్టు రేకు ముందు అద్దమును పూర్తిగా కప్పివేసియుండెడిది. తలనొప్పికి మందు వేయబోయి కన్నులు మూసికొన్నట్లైనది.

అప్పుడు మాకు ఒక ముసలి మేస్త్రి దొరికెను. ఆయన మొదట ఇంజను ఆన్ చేయించి, చల్లగా ఉన్నప్పుడే మానిఫోల్డు దగ్గర చెవి పెట్టి వినెను. చిన్నగా టిక్కు టిక్కుమను చప్పుడు వినవచ్చెను. అచ్చట ఇనుముమీద నల్లని మసి చారలు చూపించెను. "బాబూ, జబ్బు ఇక్కడుంది. రబ్బరు తలుపులాంటిది, అంతే. ఇంట్లో పాముంటే తలుపేసుకుని పడుకుంటామా?" అనెను. ఆ మాట నేను ఇంతవరకు మరువలేదు. బానెట్టు రబ్బరు మార్చదలచువారు మొదట పొగ కారుచున్నదేమో చూడవలెను. కారుచున్నచో గ్యాస్కెట్టు మార్చుట ముందు, రబ్బరు తరువాత. తలనొప్పి వచ్చినది గనుక రబ్బరు మార్చితిమి, ఇక భయము లేదనుకొనుట ప్రమాదకరము.

గ్యాస్కెట్టు మార్చిన పిదప ఆయన అడిగినది విని నేను ఆశ్చర్యపడితిని. "ఇంట్లో చపాతీ పిండి తడిపారా?" అనెను. ఆ పిండిని నిమ్మకాయంత ముద్దలుగా చేసి, ప్రతిముద్దను పలుచని ప్లాస్టిక్కు కాగితమున చుట్టి, బానెట్టు వెనుక అంచు ఆనుచోట జానెడు దూరమున కొకటిగా పెట్టెను. బానెట్టును మెల్లగా దింపి తాళము పడనిచ్చి మరల ఎత్తెను. ముద్దలు అప్పములవలె అణగిపోయియున్నవి. ఒక్కొక్కదాని మందమును స్కేలుతో కొలిచి చాకుపీసుతో రేకుమీద వ్రాసెను. ఎడమమూలన 6 మిల్లీమీటర్లు, నడుమ 8, కుడిమూలన 13 ఉన్నవి. "సందే సమంగా లేనప్పుడు రబ్బరు ఏం చేస్తుంది?" అని, కుడివైపు బానెట్టు కీలు బోల్టులు వదులుచేసి, బానెట్టును సరిగా కూర్చుండబెట్టి, మరల పిండిముద్దలు పెట్టెను. రెండవసారి అన్ని చోట్లను 7, 8 మిల్లీమీటర్లు వచ్చినది. కొలుచుటకు ముందు పాతరబ్బరునంతయు తీసివేయవలెనని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ పనిలో నేర్వవలసినదంతయు నా మట్టునకు ఆ పిండిముద్దలలోనే ఉన్నది. పట్టీని సందు పూడ్చు మట్టిగా తలచినవారు లావైనది తెత్తురు. అది నిజమునకు స్ప్రింగువంటిది. కొంత అణగి, ఆ అణగిన బలముతో రేకును అంటిపెట్టుకొని యుండవలెను. స్పంజివలె మెత్తనైన రబ్బరు తన మందములో ఇంచుమించు మూడవవంతు అణగినచో చాలును. 8 మిల్లీమీటర్ల సందునకు 12 మిల్లీమీటర్ల పట్టీ సరిపోవును. 20 మిల్లీమీటర్లది పెట్టినచో తాళము పడదు. ఒకవేళ పడినను బానెట్టు రేకు నడుమ ఉబ్బి, మూలలు లేచి, గాలి మూలల నుండి లోపలికి పోవును. 9 మిల్లీమీటర్లది పెట్టినచో తాకినట్లుండును గాని ఒత్తిడి లేదు, గతుకునకు సందు తెరచుకొనును. గట్టిరబ్బరునకు ఈ లెక్క పొసగదు. అది అణగదు గనుక బానెట్టు ఆనుటకు పెట్టు చిన్న దిమ్మెలకు మాత్రమే పనికివచ్చును.

మరియొక సంగతి. ఆ షాపువారు నాలుగు వైపులను అంటించిన బీడింగును మేస్త్రి మూడువైపుల ఊడదీసి పారవేసెను. రేడియేటరు గుండ వచ్చిన వేడిగాలి ఇంజనును చుట్టి ఎటో బయటికి పోవలెను. అధికభాగము క్రిందికి పోవును, కొంత ప్రక్కల సందుల నుండి పోవును. తయారుచేసినవారు వదలిన సందును మనము తెలివిగా మూసినచో ఇంజను కాగిపోవును. క్రిందిమూలల నీరు జారు రంధ్రములు మూసినచో తుప్పు పట్టును. కనుక పాతరబ్బరును ఊడదీయుటకు ముందు అది ఎచ్చట మొదలై ఎచ్చట ముగిసినదో, ఎచ్చట కావలెనని విడిచిపెట్టిరో, ఒక కాగితముమీద బొమ్మ గీసికొనుడు. నేడైనచో ఫోనుతో నాలుగు ఛాయాచిత్రములు తీసికొనవచ్చును. చినిగి రాలుచున్న ఆ పాతముక్కలను కూడ పని ముగియువరకు చెత్తబుట్టలో వేయరాదు. కొత్తది కొనునప్పుడు దాని కోత ముఖమును చూపవలసి యుండును.

ఇక ఏ రబ్బరు కొనవలెను? ఇందు కొంచెము రసాయనశాస్త్రము చొరవడక తప్పదు. చెట్టుపాలనుండి వచ్చు రబ్బరును గంధకముతో కాచినచో అది ఎండకు జిగటగాక, చలికి పెళుసుగాక నిలుచునని 1839లో చార్లెస్ గుడియరు కనుగొనెను. ఆధునిక రబ్బరు పరిశ్రమకు అదియే పునాది. కాని ఆ రబ్బరు అణువుల గొలుసులో జంటబంధములు మిగిలియుండును. గాలిలోని ఓజోను వాయువు ఆ బంధములను పట్టి తెంచును. విద్యుత్తు మెరుపు పుట్టు చోట కొద్దిపాటి ఓజోను పుట్టును. డిస్ట్రిబ్యూటరులో నిత్యము జరుగు పని యదియే. రబ్బరు సాగియున్నచోట ఈ తెగుట హెచ్చు, సాగిన దిక్కునకు అడ్డముగా బీటలు పడును. పాతపట్టీని చూచినప్పుడు అడ్డగీతలవలె కనుపించునవి ఇవియే. దానికి తోడు ఇంజను వేడి. రబ్బరు ఆ వేడిలో యేండ్ల తరబడి ఉడికి, బంధములు మరింత పెనవేసికొని, గట్టిపడును. మా పట్టీ వడియమైనది ఈ రెంటివలననే.

కార్ల్ జీగ్లర్, జూలియో నట్టా అను శాస్త్రజ్ఞులు కనుగొన్న ఉత్ప్రేరకములవలన, 1960 దశాబ్దమున, గొలుసు నడుమ జంటబంధములు లేని కొత్తరబ్బరు అంగడికి వచ్చినది. వారిరువురకును 1963లో నోబెలు బహుమానము లభించినది. ఆ రబ్బరును ఇ.పి.డి.ఎం. అందురు. ఎండకును, వానకును, ఓజోనునకును అది చాలకాలము ఓర్చుకొనును. నేటి కార్ల తలుపు పట్టీలు, బానెట్టు పట్టీలు చాలవరకు దానితో చేసినవే. అయితే దానికొక లోపము: నూనె తగిలినచో ఉబ్బిపోవును. అద్దము పాదమున, నూనె తుంపరలు రానిచోట దానినే వాడవలెను. ఇంజను నూనె చిందుచోట నియోప్రీను మేలు. అది 1930 ప్రాంతమున అమెరికాలో డ్యూపాంటు సంస్థలో పుట్టిన కృత్రిమ రబ్బరు, నూనెకు కొంత తట్టుకొనును.

అంగడిలో అన్నియు నల్లగనే కనుపించును. అమ్మువాని మాటమీద ఆధారపడనక్కరలేదు. వ్రేలెడు ముక్క అడిగి తెచ్చుకొని, దానిమీద ఇంజను నూనె చుక్క వేసి ఒకదినము ఉంచి చూడుడు. ఉబ్బినచో నూనె దరికి పనికిరాదు. మరియొక ముక్కను నీట ముంచి పిండుడు. నీరు కారినచో దాని రంధ్రములు ఒకదానితో నొకటి కలిసియున్నవని అర్థము. అట్టి స్పంజి వాననీటిని త్రాగి, రేకునకు అంటిపెట్టుకొని, తుప్పునకు తల్లియగును. మూసుకొన్న గదులు కల స్పంజియే బానెట్టుకు తగినది. బొటనవ్రేలితో నొక్కి విడిచి చూడుడు. వెంటనే పూర్వరూపమునకు రావలెను. గుంట పడియున్నచో ఆ సరుకు షాపులోనే ముసలిదైనదని తెలియవలెను. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పాతకార్ల సామగ్రి వెదకువారు ఈ చిన్న పరీక్షలు చేసికొనుటకు సిగ్గుపడరాదు. ఇరువదియేండ్లు గోడౌనున పడియున్న "అసలు కంపెనీ" పట్టీ కంటె నిన్న తయారైన మామూలు పట్టీయే మేలు. ఈ విషయమున పాతకార్ల అభిమానులతో నాకు పేచీ కలదు. రబ్బరునకు పురాతనత్వము గౌరవము కాదు.

అంటించుటలో తొందర పనికిరాదు. పాతజిగురును కొద్దిగా వేడిచేసి, వెదురుబద్ద చెక్కతో గీకవలెను. ఉలితో గీకినచో రంగు పోవును. మిగిలిన మరకను కిరోసినుతో తుడిచి, ఆ కిరోసిను జిడ్డును సబ్బునీటితో కడిగి ఆరనీయవలెను. క్రింద తుప్పు కనుపించినచో గీకి, ప్రైమరు వేసి, రంగు వేసి, అది బాగుగా ఆరువరకు రెండుమూడు దినములు ఆగవలెను. పచ్చిరంగుమీద అంటించిన పట్టీ రంగుతో సహా ఊడివచ్చును. జిగురు చెప్పుల పనివారు వాడు జాతిది, వేడికి ఓర్చునని డబ్బామీద వ్రాసినది కావలెను. రేకునకును పట్టీకిని రెంటికిని పలుచగా పూసి, వ్రేలికి అంటీ అంటనట్లుగా ఆరువరకు ఆగి, అప్పుడు కలుపవలెను. తడిగా ఉండగనే కలిపినచో పట్టు రాదు. ఈ జిగురు ఆవిరి సులభముగా నిప్పంటుకొనును గనుక గాలి ఆడుచోట, బీడీలు చుట్టలు లేనిచోట ఈ పని చేయవలెను.

అంటించునప్పుడు పట్టీని సాగదీయరాదు. అరంగుళము తక్కువైనదని లాగి అంటించుట అందరు చేయు పొరపాటు. సాగిన రబ్బరు తన పొడవునకు తాను పోవుటకు రాత్రింబగళ్ళు లాగుచునే యుండును. నెలలో మూల ఊడివచ్చును. ఊడకున్నను, ముందు చెప్పినట్లు, సాగినదానికే బీటలు త్వరగా వచ్చును. మేస్త్రి పట్టీని కొంచెము లోపలికి నెట్టుచు, ఒక వ్రేలెడు హెచ్చుగనే కోసి, చివర పదునైన బ్లేడుతో సరిచేసెను. మూలలవద్ద లంబముగా విరువక, లోపలివైపు చిన్న ముక్కోణపు గాట్లు పెట్టి వంపు తిప్పెను. అతుకు వేయవలసి వచ్చినచో నీరు నిలువని చోట వేయవలెను. ఆనాడంతయు బానెట్టును మూయక కడ్డీమీద నిలిపి, మరునాడు మూసితిమి.

తరువాతిది పరీక్ష. రూపాయినోటంత కాగితపు ముక్కను పట్టీమీద పెట్టి బానెట్టు మూసి లాగి చూడవలెను. కొంచెము బిగువుతో రావలెను. జారివచ్చినచో అచ్చట సందు కలదు, చినిగినచో ఒత్తిడి హెచ్చు. జానెడు జానెడు దూరమున ఇట్లు చూడవలెను. రాత్రివేళ వెలుగుచున్న టార్చిలైటును ఇంజనుమీద పెట్టి బానెట్టు మూసి, అద్దము వైపునుండి చూచినచో సందులు వెలుగుగీతలై తామే చెప్పును. ఇక అన్నిటికంటె ముఖ్యమైనది తాళము. ఒక్కరు ఒకచేతితో మామూలుగా అదిమినంతనే తాళము పడవలెను. పడిన పిదప ముందు అంచున వ్రేళ్ళుపెట్టి పైకి లాగి చూడవలెను. ఇద్దరు అదుమవలసి వచ్చిన బానెట్టుతో రోడ్డుమీదికి పోరాదు. మేము పోయి చూచితిమి గదా!

పోషణ పెద్దదేమియు లేదు. నెలకొకసారి తడిగుడ్డతో దుమ్ము తుడిచి, సిలికోను గ్రీజు పలుచగా రాచినచో చాలును. పెట్రోలు, కిరోసిను, ఇంజను నూనె తగులనీయరాదు. మా తండ్రిగారి డ్రైవరు పూర్వము ఆముదము రాచెడివాడు. నేను నవ్వెడివాడను. అతనిని నేను అన్యాయముగా నవ్వితినని తరువాత తెలిసినది. రాతినూనె సహజరబ్బరును పాడుచేయును గాని ఆముదము చేయదు. వెనుకటి కార్ల బ్రేకులలో పోసెడి ద్రవము ఆముదముతో చేయుటకు అదియే కారణము. దుమ్ము పట్టుననుట తప్ప ఆముదములో దోషము లేదు.

నేడు మూసిన గదులలో కార్బన్ మోనాక్సైడును పసిగట్టి కూత పెట్టు చిన్న పరికరములు అంగడిలో దొరకుచున్నవి. పాతకారు కలవారు అట్టిదొకటి డాష్‌బోర్డు చెంత పెట్టుకొని, ఇంజను ఆన్ చేసి, అద్దములు మూసి, పావుగంట బయట నిలిచి చూచినచో లోపలి సంగతి తెలియును. బండి ఆరుబయట ఉండవలెను, షెడ్డులో కాదు. మాకు ఆనాడు అట్టి పరికరము లేదు. మేస్త్రి పని ముగిసిన మరుసటి ఆదివారము అదే దారిన విశాఖపట్నము పోయితిమి. దారిలో గేటు మరల మూసియున్నది. ఇంజను తిరుగుచునే యున్నది, అద్దములు మూసియే యున్నవి. మా తండ్రిగారు మాటిమాటికి ప్రక్కకు తిరిగి మా తల్లిగారి ముఖము చూచుచుండిరి. గేటు తీయగనే ఆమె, "నా ముఖంలో ఏముంది, రోడ్డు చూడండి" అనిరి.